కొలిచి ఇచ్చిన నీళ్ళు

రెండేళ్ళ కిందట, దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో, పదో తరగతిలో విసర్జన పాఠం చెబుతున్నాను. బోర్డు మీద మూత్రపిండం బొమ్మ సగం వేశాను. వెనక బెంచీలో కూర్చున్న భార్గవి లేచి నిలబడింది.

"సార్, బయటికెల్లొచ్చా?"

ఆ పీరియడ్‌లో ఆమె అడగడం అది రెండోసారి. అంతకుముందు లెక్కల క్లాసులోనూ వెళ్ళి వచ్చిందని నాకు తెలుసు. చేతిలో ఖాళీ నీళ్ళ సీసా ఉంది. నేను చాక్‌పీసు కింద పెట్టి, "ఏం భార్గవీ, ట్యాంకరు ఖాళీ చెయ్యడానికా, నింపడానికా?" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వి, కూర్చుండిపోయింది. గంట కొట్టేదాకా బల్ల అంచు పట్టుకుని కదలకుండా ఉంది. నేను మూత్రపిండం బొమ్మ పూర్తి చేసి, భాగాలకు పేర్లు రాయించాను.

ఆ పిల్ల ఒంట్లో ఏదో తేడా ఉందని నాకు కనిపించిన మొదటి రోజు అదే. కనిపించింది, నేను చూడలేదు.

నేను ఉద్దానంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. కాశీబుగ్గలో కాపురం. జీడితోటల మధ్య రోడ్డు మీద రోజూ బండి మీద వెళ్ళి వస్తాను. మా ప్రాంతంలో ఆ పాఠం మిగతా పాఠాల్లాంటిది కాదు. మీ ఇళ్ళల్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అని క్లాసులో అడిగితే ఎన్ని చేతులు లేస్తాయో తెలుసు కాబట్టి నేను అడగను. మా అన్నయ్యా ఆ జబ్బుతోనే పోయాడు. కొబ్బరితోట చూసుకునేవాడు. చివరి సంవత్సరాల్లో డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళి, అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చుని, మళ్ళీ ఇంటికి తీసుకొచ్చేది నేనే. రోజుకు తాగాల్సిన నీళ్ళు ఒక సీసాలో కొలిచి పెట్టేదీ నేనే. "ఒరే తమ్ముడా, ఒక్క గుక్కరా" అని అన్నయ్య బతిమాలితే తడిగుడ్డతో పెదాలు తుడిచి ఊరుకునేవాణ్ణి. డాక్టర్లు అలాగే చెప్పారు. అది సరైన పనే.

ఆ అనుభవంతో నాకు ఊళ్ళల్లో ఒక పేరు వచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులు పట్టుకుని జనం నా దగ్గరికి వచ్చేవారు. ఎంతుంటే భయపడాలి, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఉప్పు ఎంత వేసుకోవాలి అని అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. అలా చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టమే నా మొదటి తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను.

బడిలో అప్పటికి మంచినీళ్ళ గంట అమలవుతోంది. పిల్లలు నీళ్ళు తాగడం మర్చిపోకూడదని రోజులో కొన్నిసార్లు గంట కొట్టి అందరిచేతా తాగించే పద్ధతి అది. మంచి ఉద్దేశంతో వచ్చిందే. దాన్ని నేను ఒక కట్టడిగా మార్చాను. గంట కొట్టినప్పుడే తాగాలి, విరామంలోనే బయటికి వెళ్ళాలి అన్నాను. పదో తరగతి పిల్లలు సాకులు చెప్పి తిరుగుతున్నారని స్టాఫ్‌రూమ్‌లో అందరం ఒప్పుకున్నాం. నేను ముందుండి ఒప్పించాను.

భార్గవి ఆ కట్టడి మీరుతూనే ఉండేది. క్లాసులో తల వంచి సీసా ఎత్తి తాగేది. నేను పెట్టిన పేరు అప్పటికే బడంతా పాకింది. చేతులు కడిగే కొళాయిల దగ్గర ఆమె కనబడితే చాలు, "ట్యాంకరొచ్చినాదిరోయ్, తప్పుకోండి!" అని అరిచేవారు. విని నేను కూడా నవ్విన సందర్భం ఉంది.

ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఇంగ్లిష్ చెప్పే సుజాత మేడమ్ అంది, "ఆ పిల్ల ఎంత చిక్కిపోయిందో చూశారా మాస్టారూ? యూనిఫాం భుజాల మీంచి జారిపోతోంది."

"టెన్త్ టెన్షనండీ," అన్నాను.

"టెన్షనో, ఎవరి మీదైనా మనసు పడిందో," అన్నాడు లెక్కల మాస్టారు. ఇద్దరం నవ్వుకున్నాం. సుజాత మేడమ్ నవ్వలేదు. కానీ ఆవిడ కూడా ఇంకేమీ అనలేదు.

తర్వాత కొద్దిరోజులకు భార్గవి తల్లి వరలక్ష్మి బడికి వచ్చింది. ఆమె పలాసలో జీడిపప్పు కర్మాగారంలో పప్పు వలిచే పనికి వెళుతుంది. జీడినూనె తగిలి వేళ్ళ కొనలు నల్లబడి, పొరలు లేచి ఉంటాయి. భర్త చెన్నైలో కట్టుబడి పనుల్లో ఉంటాడు. వాళ్ళ అత్తగారు కిడ్నీ జబ్బుతోనే పోయింది. ఆవిడ ఉన్నప్పుడు కూడా సలహాకి నా దగ్గరికే వచ్చారు.

వరలక్ష్మి వరండా స్తంభం పక్కన నిలబడి, ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించింది.

"మాస్టారూ, మా గుంట నీల్లు తెగ తాగేత్తంది. బిందె కాడే ఉంతంది. మాటిమాటికీ బయటికెల్తంది. సిక్కి సగమైపోనాది. మా అత్తకొచ్చినాదే దీనికీ ఒచ్చినాదేటని నాకు బయంగా ఉన్నాది."

"కాళ్ళు గానీ మొహం గానీ ఉబ్బుతున్నాయా?"

"నేదు. ఎండిపోతంది."

ఉబ్బడం లేదు, ఎండిపోతోంది. ఆ రెండు మాటల్లో ఉన్న తేడా జీవశాస్త్రం చెప్పేవాడికి తట్టాలి. నాకు తట్టలేదు. నా తలలో ఒకే జబ్బు ఉంది. కాశీబుగ్గలో ల్యాబ్ పేరు చెప్పి క్రియాటినిన్ చేయించమన్నాను. అదొక్కటే చేయించమన్నాను. రిపోర్టు తెచ్చారు. ఉండాల్సినదాని కంటే కొంచెం పైకి ఉంది. అది చూడగానే నా అనుమానం నిజమైందనుకున్నాను.

"భయపడకమ్మా, మొదట్లోనే పట్టుకున్నాం," అని వరలక్ష్మికి ధైర్యం చెప్పాను. "శనివారం నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఈలోగా ఉప్పు తగ్గించు. నీళ్ళు కొలిచి ఇయ్యి. రోజుకు ఒక్క సీసా. ఏడ్చినా ఇవ్వకు. మా అన్నయ్యకి నేను అలాగే చేశాను."

"మీరు సెప్పినాక ఇంకేటి," అని ఆమె చేతులు జోడించింది. "మీకు తెల్సినంత ఈ సుట్టుపక్కల ఎవులికి తెల్సు?"

బడిలో కాపలాకి భార్గవి స్నేహితురాలు దివ్యను పెట్టాను. సీసా నీ దగ్గర ఉంచుకో, నేను చెప్పినప్పుడే ఇయ్యి అన్నాను. ఆ పిల్ల భయంగా తలూపింది.

మర్నాడు భార్గవి నా దగ్గరికి వచ్చింది. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. "సార్, నాలిక అంటుకుపోతంది సార్. ఒక్క గుక్క తాగుతాను సార్."

సరిగ్గా అన్నయ్య అన్నట్టే అంది. నాకు జాలి వేసింది. జాలిపడితే ఆ పిల్లకే ప్రమాదం అనుకుని మనసు గట్టి చేసుకున్నాను. "నీ మంచికే తల్లీ. మా అన్నయ్య విషయంలో నేను గట్టిగా ఉన్నాను కాబట్టే అన్నాళ్ళు బతికాడు," అన్నాను. ఆ మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆమె కొళాయి కింద నోరు పెట్టి తాగుతుంటే దూరం నుంచి చూసి కేకేశాను. ఉలిక్కిపడి లేచింది. గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. దొంగతనం చేస్తూ దొరికినట్టు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నేను చెప్పిన శనివారం రానే లేదు. శుక్రవారం ఉదయం ప్రార్థన అయ్యాక భార్గవి క్లాసుకి వెళ్ళకుండా వరండాలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. దివ్య పరిగెత్తుకొచ్చింది.

"సార్, అది పొద్దున్నించి కక్కుతంది సార్. కడుపు నొప్పంతంది. పిలిత్తే పలకడం నేదు."

వెళ్ళి చూశాను. పరిగెత్తి వచ్చినట్టు లోతుగా, వేగంగా ఊపిరి తీస్తోంది. ఊపిరిలో మాగిపోయిన పండు వాసన లాంటిది వస్తోంది. ఎండ దెబ్బేమోనని ఒకరు, తిన్నది పడలేదేమోనని ఒకరు అన్నారు. సుజాత మేడమ్ మాత్రం ఎవరి మాటా వినకుండా 108కి ఫోన్ చేసింది. నీళ్ళు తాగిద్దామని గ్లాసు తెచ్చింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. "కిడ్నీ కేసు మేడమ్, వద్దు," అన్నాను. మగతలో ఉన్న పిల్లకి నోట్లో నీళ్ళు పోయకూడదు, నిజమే. కానీ నేను ఆపింది అందుకు కాదు.

అంబులెన్సు వాళ్ళు పిల్లను చూసి నేరుగా టెక్కలి పెద్దాసుపత్రికి పోనిచ్చారు. మేం ఫోన్ చేస్తే హైవే దగ్గరికి వచ్చిన వరలక్ష్మిని దారిలో ఎక్కించుకున్నారు. పనిలోంచి అలాగే వచ్చేసింది, చేతులకి జీడి మరక ఆరనే లేదు. నేను బండి మీద వెనకాలే వెళ్ళాను.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు యువకుడు. పిల్ల ఊపిరి చూసి, దగ్గరికి వంగి వాసన చూసి, వెంటనే వేలి మీద సూది గుచ్చాడు. చిన్న మీటరు వైపు చూసి నర్సుతో, "హై అని వస్తోంది. నంబరే రావట్లేదు. రెండు లైన్లు పెట్టండి, సెలైన్ ఫాస్ట్‌గా," అన్నాడు. తర్వాత మావైపు తిరిగాడు.

"పాపకి షుగర్ ఉందని మీకు తెలుసా?"

వరలక్ష్మి అర్థం కానట్టు చూసింది. "షుగరేటి బాబూ? కిడ్నీ కదా?"

"కిడ్నీ కాదమ్మా. ఇది టైప్ వన్ డయాబెటిస్. పిల్లలకి వస్తుంది. ఇప్పుడు డీకేఏలోకి, అంటే ఇన్సులిన్ లేక రక్తం ఆమ్లంగా మారే ప్రమాదంలోకి, వెళ్ళిపోయింది. ఒళ్ళంతా ఎండిపోయి ఉంది. నీళ్ళు తాగట్లేదా?"

వరలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ, కాస్త ధైర్యంగా, తన వంతు తాను సరిగ్గానే చేశానని చెప్పుకుంటున్నట్టు అంది: "కొలిసే ఇచ్చినాను బాబూ. ఒక్క గుక్క ఎక్కువ ఇయ్యనేదు. ఏడ్సినా ఇయ్యనేదు. మాస్టారు సెప్పినారు."

డాక్టరు నావైపు చూశాడు. "ఎవరు సార్ చెప్పింది?"

"నేనే," అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడే తీరిక లేదు. సెలైన్ ఎక్కుతుండగా నాకు నిదానంగా చెప్పాడు. "డయాలసిస్ పేషెంట్‌కి నీళ్ళు ఒంట్లో నిలిచిపోతాయి, అందుకని కొలుస్తాం. ఈ పాపకి నిలవట్లేదు. రక్తంలో షుగరు పెరిగి, నీటిని లాక్కుని యూరిన్‌లో పోతోంది. పోయినదాన్ని తాగి నింపుకుంటోంది. ఇంతవరకు ప్రాణం నిలబెట్టుకుంది ఆ నీళ్ళతోనే."

"క్రియాటినిన్ పైకి వచ్చింది డాక్టరుగారూ," అన్నాను. అప్పటికీ నన్ను నేను కాపాడుకోవాలని చూస్తున్నాను.

"ఒళ్ళు ఎండిపోయినా వస్తుంది సార్. అప్పుడే ఒక్కసారి షుగర్ చూపించి ఉంటే సరిపోయేది."

భార్గవిని ఐసీయూలోకి తీసుకెళ్ళారు. ఇన్సులిన్ డ్రిప్ పెట్టారు. మొదట బాగానే ఉందన్నారు. మధ్యలో పొటాషియం పడిపోయింది, గుండె మీద ప్రభావం పడొచ్చు, జాగ్రత్తగా చూస్తున్నాం అన్నారు. ఆ మాట విన్నాక బయట వరండాలో నేను నిలబడలేకపోయాను. వరలక్ష్మి నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది. నేను ఆమెకు ఎదురుగా కూర్చోలేక ఆసుపత్రి గేటు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాను. పారిపోదామని వెళ్ళానో, టీ తెద్దామని వెళ్ళానో నాకే తెలియదు. వట్టి చేతులతోనే తిరిగి వచ్చాను.

మర్నాడు తండ్రి చెన్నై నుంచి రైల్లో దిగి నేరుగా వచ్చాడు. విషయం ఫోన్‌లోనే విన్నట్టున్నాడు. అందరి ముందు నా చొక్కా పట్టుకున్నాడు.

"మాస్టారైతే పాటం సెప్పాలి. డాక్టరేటి మీరు? నా కూతురికి ఏటైనా అయితే మిమ్మల్ని సంపేత్తాను మాస్టారూ!"

అంత కోపంలోనూ మాస్టారూ అనే అన్నాడు. వరలక్ష్మి లేచి అతని చెయ్యి విడిపించింది. నేను నేల చూస్తూ చెప్పాల్సింది చెప్పాను. నా మాట వల్లే పిల్లకి ఇంత వచ్చింది, తెలియనిది తెలుసన్నట్టు చెప్పాను, ఆమె నీళ్ళు అడిగితే ఆపింది నేనే అన్నాను. ట్యాంకరు సంగతి మాత్రం చెప్పలేదు.

వరలక్ష్మి అంది, "మీకు తెలీక సెప్పినారు. నాకు తెలీక ఇన్నాను. దానికి ఎంత దాగమేసుంతాదో, అది నా కడుపులో ఉండిపోనాది. మీరెలాగ మోత్తారో మీ ఇట్టం."

క్షమించానని ఆమె అనలేదు. ఆ మాట ఆమె నుంచి ఇప్పటిదాకా నేను వినలేదు. అడగనూ లేదు.

భార్గవి తెప్పరిల్లింది. కళ్ళు తెరిచి మొదట అడిగింది నీళ్ళే. తల్లి నర్సు వైపు చూసింది. "తాగనివ్వమ్మా, కొంచెం కొంచెంగా, ఎంత కావాలంటే అంత," అంది నర్సు. నేను గాజు తలుపు ఇవతల నిలబడి చూశాను. ఆ పిల్ల రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. తాగే ముందు ఒకసారి తలెత్తి చుట్టూ చూసింది, ఎవరైనా ఆపుతారేమోనని.

వార్డుకి మార్చాక వేలి మీద చుక్క తీసి షుగరు ఎలా చూసుకోవాలో, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో నేర్పించారు. జీవితాంతం వేసుకోవాలి, ఒక్కపూట మానినా ప్రమాదం అని డాక్టరు తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. పిల్లకి గుచ్చే ముందు వరలక్ష్మి తన వేలికే సూది గుచ్చుకుని చూసుకుంది. జీడినూనెకి మొద్దుబారిన వేలు, ఎంత నొక్కినా చుక్క రాలేదు. "నాకు రగతం కూడా నేదేటి?" అని నవ్వింది. భార్గవి కూడా నవ్వింది. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, నీడలో ఉంచి ఇన్సులిన్ దాచుకోమని డాక్టరు చెప్పాడు. ఆ కుండలు నేను కొనిపెడతానన్నాను. వద్దన్నాడు తండ్రి.

ఇంటికి పంపేశారు. నేను గండం గడిచిందనుకున్నాను. బడిలో జరగాల్సింది అప్పుడు మొదలైంది.

భార్గవి మళ్ళీ బడికి వచ్చింది. హెచ్ఎం గారు స్టాఫ్ మీటింగ్ పెట్టి జబ్బు గురించి నన్ను చెప్పమన్నారు. డాక్టరు చెప్పినవన్నీ చెప్పాను. సొంత తెలివి కలపకుండా చెప్పాను. చెమటలు పట్టి, చేతులు వణికి, పొంతన లేకుండా మాట్లాడితే షుగరు పడిపోయినట్టు, వెంటనే గ్లూకోజు గానీ పంచదార నీళ్ళు గానీ ఇవ్వాలి అన్నాను. ప్రతి క్లాసులో గ్లూకోజు పొట్లం పెట్టాం. బయటికి వెళ్తానంటే ఎవరూ ఆపకూడదనుకున్నాం. ఇంకేం కావాలి అనుకున్నాను.

కొన్ని వారాలకి చెకప్‌కి వెళితే షుగరు మళ్ళీ పెరిగిపోయి ఉంది. డాక్టరు కంగారుపడ్డాడు. మధ్యాహ్నం డోసు వేసుకుంటున్నావా అని అడిగితే తలూపింది. హెచ్ఎం గారు పంపితే బడి తరఫున నేను కూడా అక్కడే ఉన్నాను. ఆయన తల్లినీ నన్నూ బయట నిలబడమని, ఆమెతో ఒంటరిగా మాట్లాడాడు. తర్వాత నన్ను పిలిచి, "సార్, మీ బడిలో అమ్మాయిల టాయిలెట్‌కి గడియ ఉందా?" అని అడిగాడు.

నాకు తెలియదు. పదేళ్ళకు పైగా ఆ బడిలో పనిచేస్తున్నాను, నాకు తెలియదు.

గడియ లేదట. భార్గవి అక్కడికి వెళ్ళి సిరంజి తీస్తే ఎవరో ఒకరు తలుపు తోసేవారట. "ట్యాంకరు ఇంజక్షను పొడుసుకుంతంది" అని నవ్వేవారట. కొందరు, షుగరు అని పైకి సెప్తన్నారు గానీ అది కిడ్నీయే, దాని పక్కన తినకండి అనేవారట. అందుకని మధ్యాహ్నం డోసు మానేసింది. ఇంట్లో అడిగితే వేసుకున్నానని చెప్పేది. ఇంక బడికే రానని డాక్టరుతో అందట.

పబ్లిక్ పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. బడి మానిస్తే ఆ పిల్ల ఏమవుతుందో మా అందరికీ తెలుసు. తల్లి వెంట జీడిపప్పు వలవడానికి వెళుతుంది. బడికి వస్తే ఇన్సులిన్ మానేస్తుంది.

వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి మళ్ళీ చెన్నై వెళ్ళిపోయాడు. వరలక్ష్మి అరుగు మీద చాప వేసింది గానీ కూర్చోమనలేదు.

"పంపమంటారా మాస్టారూ? పంపితే ఎవులు సూత్తారు? మీరు సూత్తారా?"

చూస్తానని గబుక్కున అనబోయి ఆగాను. ఇంతకుముందు కూడా అంత తేలిగ్గానే మాట ఇచ్చాను. "ముందు భార్గవితో మాట్లాడనివ్వమ్మా," అన్నాను.

భార్గవి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ పేరు పెట్టింది నేనని తల్లి ముందే చెప్పాను. వరలక్ష్మికి అప్పటిదాకా తెలియదు. ఆమె నావైపు చూసి, మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"క్లాసులో అందరి ముందూ నీకు క్షమాపణ చెబుతాను తల్లీ," అన్నాను.

"వద్దు సార్," అంది వెంటనే. "మీరు అలగ సెప్తే మల్లీ అందరూ నన్నే సూత్తారు."

ఆమెకి జరిగిన అవమానాన్ని తీర్చడానికి కూడా ఆమెనే నిలబెట్టబోయానని అప్పుడు అర్థమైంది.

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నా పేరు ఎత్తకండి. మీ గురించి సెప్పుకోండి. గడి పెట్టించండి." లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "దివ్యని తిట్టకండి సార్. మీరు దాసమన్న సీసాలోంచి అది నాకు నీల్లు ఇచ్చేసేది. మీకు తెలీకుండా."

డాక్టర్ని అడిగితే ఏం చెప్పేవాడో తెలియదు. ఆ పిల్ల ఇచ్చిన గుక్కెడు నీళ్ళు కూడా లేకపోతే ఏమయ్యేదోనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడే గడియ పెట్టించాం. సుజాత మేడమ్ సైన్సు ల్యాబులో ఒక మూల తెర కట్టి, బల్ల వేసి, సబ్బు పెట్టింది. ఏ ఆడపిల్లకి ఏ అవసరం ఉన్నా ఎవర్నీ అడగకుండా అక్కడికి వెళ్ళవచ్చని అన్ని క్లాసుల్లో చెప్పింది. అందువల్ల ఆ తెర వెనక్కి ఎవరు ఎందుకు వెళుతున్నారో ఎవరికీ పట్టింపు లేకుండా పోయింది. ఆ ఆలోచన నాకు వచ్చేది కాదు.

పదో తరగతిలో నా గురించి నేను చెప్పుకున్నాను. అన్నయ్య సంగతి చెప్పాను. తెలియని జబ్బుకి తెలిసిన వైద్యం చెప్పి ఒకరి ప్రాణం మీదికి తెచ్చానన్నాను. ఒకరి దాహాన్ని వెక్కిరించి దానికి పేరు పెట్టానన్నాను. "ఆ పేరు నాది. మీరెవరైనా దాన్ని వాడితే నన్ను పిలిచినట్టే. కావాలంటే నన్నే పిలవండి." ఎవరూ నవ్వలేదు. చాలామంది తల దించుకున్నారు. భార్గవి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఆ పేరు ఒక్కరోజులో పోలేదు. అప్పుడప్పుడు ఎవరో అనేవారు, పక్కవాళ్ళు ఊరుకోమనేవారు. చివరికి పోయింది.

భార్గవి షుగరు అదుపులోకి రావడానికి పరీక్షల దాకా పట్టింది. మధ్యలో ఒకసారి లెక్కల క్లాసులో షుగరు పడిపోయి చెమటలు పట్టాయి. లెక్కల మాస్టారు గ్లూకోజు ఇచ్చి, తేరుకునేదాకా పక్కనే కూర్చుని, తర్వాత ఏమీ జరగనట్టు మిగిలిన లెక్క చెప్పాడు. ఎప్పుడో ఆమె మీద జోకు వేసిన మనిషి ఆయన. ఆ రోజు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, తీసుకున్న టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు.

ఇప్పుడు భార్గవి ఇంటర్ రెండో సంవత్సరం. పలాస కాలేజీకి బస్సులో వెళుతుంది. కాలేజీలో మొదటిరోజే లెక్చరర్లకి తన జబ్బు సంగతి తానే చెప్పిందని దివ్య చెప్పింది. బస్టాండులో ఎప్పుడైనా ఎదురుపడితే "నమస్తే సార్" అంటుంది. అంతకు మించి మాట్లాడదు. నేనూ పొడిగించను. ఆమె భుజాన సంచిలో పెద్ద నీళ్ళ సీసా కనబడుతుంది. వరలక్ష్మి బడి వైపు రాదు. రావలసిన పని కూడా లేదు.

నా దగ్గరికి రిపోర్టులు ఇప్పటికీ తెస్తారు. చదివి చెప్పమంటారు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి, కావాలంటే తోడు వస్తాను అంటాను. మాస్టారుకి గర్వం పెరిగిందని కొందరు అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

ఇది చదివే తోటి ఉపాధ్యాయులకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ క్లాసులో ఒక పిల్లో పిల్లాడో మాటిమాటికీ నీళ్ళు తాగుతూ, మాటిమాటికీ బయటికి వెళుతూ, బట్టలు వదులయ్యేంతగా చిక్కిపోతుంటే, కారణం ఊహించకండి. సలహా ఇవ్వకండి. నీళ్ళు ఆపకండి. ఆ రోజే, బడి వదిలేలోపే, తల్లిదండ్రులకి ఫోన్ చేసి, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో వేలి మీద ఒక్క చుక్క తీయించి షుగర్ చూపించండి. శనివారం దాకా ఆగకండి.